కొండచిలువకు తాకట్టు

మొన్న ఎయిర్‌పోర్టుకు వెళ్తుంటే క్యాబ్ డ్రైవరు మంఖాల్ వైపు చెయ్యి చూపించి, "అటంత వెంచర్లే సార్ ఇగ" అన్నాడు. నాకు మాత్రం ఏసీ కారులో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఫార్మలిన్ వాసన తగిలింది. ఆ వాసన మా అక్క మొగుడిది.

బావగారు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. లారీల కింద పడి చచ్చిన పాముల్ని ఏరుకొచ్చి ఫార్మలిన్ సీసాల్లో దాచేవారు. ఊరగాయకు సీసా మిగలక మా అక్క వంటింట్లో చేసినన్ని ధర్నాలు దేశంలో ఏ పార్టీ చేసి ఉండదు. ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉండేది. శంషాబాద్ చుట్టూ పల్లెలు తిరిగి, పామును చంపొద్దు, నాకు చెప్పండి అంటూ ఫోన్ నంబరు శుభలేఖలా పంచేవారు.

ఎయిర్‌పోర్టు తెరిచిన రెండు మూడేళ్లకు ఆయనకు యూనివర్సిటీలో ప్రొఫెసరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. వయసు రీత్యా అదే ఆఖరి అవకాశం. జీవితకాలపు సేకరణ కమిటీకి చూపించాలని సీసాలన్నీ నా కారు వెనక సీట్లో సర్దాం. గగన్‌పహాడ్ దాటుతుండగా మంఖాల్ నుంచి ఫోన్. మేకల కొట్టంలో కొండచిలువ. బావగారు వాచీ చూసుకుని, కళ్లు మూసుకుని, "తిప్పు" అన్నారు.

దాని పొడవు చెప్తే మీరు నమ్మరు. తల కొట్టంలో ఉంటే తోక పక్క మండలంలో ఉందని నా అంచనా. మేకపిల్లను మింగి కదల్లేక పడి ఉంది. చుట్టూ గడ్డపారలతో ఊరివాళ్లు. ఇంటావిడ ఒక్కతే వాళ్లకు అడ్డంగా నిలబడింది. కోడలు నిండు చూలాలు. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా పామును చంపితే బిడ్డకు కీడని వాళ్ల నమ్మకం. బావగారికి కబురు పెట్టిందీ అందుకే.

పాముల్ని పట్టే సంచి తీద్దామని నేను కారు తలుపు తెరిచానో లేదో, ఆవిడ లోపలికి తొంగి చూసింది. సీసా సీసాలో చుట్టలు చుట్టుకుని తెల్లగా పాలిపోయిన పాములు.

"నువ్వు కాపాడిన పాములన్ని గిట్లనే ఉంటయా సారూ?"

అవి ముందే చచ్చినవని బావగారు పాఠం చెప్పినట్టు చెప్పారు. ఎవరూ వినలేదు. గడ్డపార పట్టుకున్నాయన ముందుకొచ్చాడు. "గాయన సంపేదేందో మేమే సంపుతం. నువ్వు జరుగు వదినా."

ఆవిడ జరగలేదు. "సీసాలు ఈడ పెట్టిపో సారూ. పామును గుట్టలల్ల పాణంతోని ఇడిసిండని మా ఆయనొచ్చి చెప్పినంక తీస్కపో."

గడ్డపార ఇంకో అడుగు ముందుకు పడింది. సీసాలు లేకుండా ఇంటర్వ్యూకు వెళ్లినా లాభం లేదు, గుట్టలకు వెళ్లొస్తే ఇంటర్వ్యూయే ఉండదు. బావగారి నుదుటి చెమట కళ్లద్దాల మీదికి దిగింది. నావైపు చూడకుండానే అన్నారు, "దించు."

సీసాలు దించిన సీట్లోకే కొండచిలువ ఉన్న సంచి ఎక్కింది. పక్కన ఆవిడ భర్త, ఆంజనేయస్వామిని తలుచుకుంటూ. దారిలో సంచి ఒక్కసారి కదిలింది, కారు మాత్రం రోడ్డు దిగి, పొలం చూసి, మళ్లీ రోడ్డెక్కింది. గుట్టల దగ్గర, బావగారు ఫోన్ చేసి పిలిచిన అటవీశాఖ వాళ్లు ఎదురొచ్చారు. సంచి మూతి విప్పితే అది మావైపు చూడనైనా చూడకుండా, అత్తారింటికి ఇష్టంలేక వెళ్తున్నట్టు, రాళ్లలోకి మెల్లగా జారింది. బావగారు దాని తోక కొస కనుమరుగయ్యేదాకా నిలబడ్డారు. వాచీ చూసుకోలేదు.

సీసాలు విడిపించుకుని మేం వెళ్లేసరికి ఇంటర్వ్యూ గదికి తాళం వేస్తున్నారు. ఆయన రిటైరయ్యేదాకా లెక్చరరుగానే ఉండిపోయారు. ఆ రోజు మేం ఆలస్యమయ్యామని మా అక్క ఇప్పటికీ అంటుంది. నేను కాదనను. కానీ ఆ మధ్యాహ్నం మేకల కొట్టానికి మాత్రం మేం సరిగ్గా వేళకే చేరాం. ఒకే పూట ఒకచోట వేళ మించిపోయి, ఇంకోచోట ఇంకా వేళ మిగిలే ఉంటుందని అప్పుడు నాకు తెలియదు.