దశమి తగిలిన గీత

ఆదివారం పొద్దున, చేతిలో కాఫీ గ్లాసు ఉండగానే, అక్షత ఫోన్లో ఫ్లెక్సు ఫోటో వచ్చి పడింది. ఎమ్మిగనూరులో ఆమె ఫిజిక్స్ చెప్పే డిగ్రీ కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సు. కరెస్పాండెంటు వీరేశ్ గారు ఒక మూల చేతులు జోడించి నవ్వుతున్నారు. మధ్యలో అక్షత, ఎప్పటిదో ఐడీ కార్డు ఫోటోతో. వెనక నీలంగా సుడి తిరుగుతున్న గెలాక్సీ. కింద ఎర్ర అక్షరాలు: ‘పాలపుంత చరిత్రను తిరగరాసిన మన మేడం గారికి రేపు ఘన సన్మానం.’

ఈ వైపు ఫ్లెక్సుకు ఉన్న మర్యాద వేరు. పుట్టినా, గెలిచినా, పోయినా ముందు అదే చెబుతుంది. ఒకసారి పైకెక్కిన మాట గాలికో వానకో చినిగి దిగాలి తప్ప, ఎవరైనా కావాలని దింపారని ఎన్నడూ వినలేదు. అక్షత కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. తిరగరాసిందో లేదో ఆమెకే తెలియదు మరి.

ఆమె పుట్టిల్లు మంత్రాలయంలో, మఠం కొలువు చేసుకునే కుటుంబం. పెళ్ళయి ఆదోని వచ్చింది. భర్తకు గుంతకల్లులో రైల్వే పని. ఇంట్లో అత్త ఇందిరాబాయి, తను. రోజూ బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి పాఠం చెప్పి, సెలవుల్లో బెంగుళూరు పోయి నక్షత్రాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. తనతోపాటు మొదలుపెట్టిన, తనకంటే చిన్నవాళ్ళంతా ఎప్పుడో డాక్టర్లయిపోయారు.

పని ఏమిటంటే, ముసలి నక్షత్రాల వెలుగును విడదీసి, అందులో మెగ్నీషియం ఎన్ని రకాలుగా ఉందో చూడడం. పిల్లలకు పత్తి పేరుతో చెప్పేది. “మొదట ఏరిన పత్తి వేరు, చివర ఏరిన పత్తి వేరు. కలిపి బోరెం సంచిలో కుక్కినా తెలిసినోళ్ళకు తెలుస్తాది. మెగ్నీషియమూ అంతే. తొందరగా పుట్టి తొందరగా పేలిపోయిన పెద్ద నక్షత్రాలు ఇచ్చింది ఎక్కువగా ఇరవైనాలుగు బరువుది. నిదానంగా బతికిన చిన్నవి తర్వాత తెచ్చి కలిపినవి ఇరవైఅయిదు, ఇరవైఆరు. ఏది ఎంత ఉందో లెక్క తేలితే, గెలాక్సీలో ఎవరు ఎప్పుడు వచ్చినారో తేలుతాది.” ఒకే మూలకం, బరువులో మాత్రమే తేడా. వీటినే ఐసోటోపులంటారు. విడదీసిన వెలుగులో మెగ్నీషియం హైడ్రైడ్ అణువులు నల్లని గీతలుగా పడతాయి. బరువైనవి ఉంటే గీతకు ఎర్రరంగు వైపున చిన్న భుజం లేస్తుంది. ఆ భుజం ఎంత లేచిందో కొలవడమే అక్షత బతుకు.

ఒక ముసలి నక్షత్రంలో ఆ భుజం లేవకూడనంత లేచింది. నిజమైతే, చిన్న నక్షత్రాలు అందరూ అనుకున్నదానికంటే చాలా ముందే తమ వంతు కలిపాయన్నమాట. బెంగుళూరులో గైడు మధుసూదన్ గారు సంతోషించారు. సోమవారం సాయంత్రం పేపరు జర్నలుకు వెళ్ళాలి. ఆయన ఎవరితోనో అన్న మాట వీరేశ్ గారి చెవిన పడింది. ఫ్లెక్సయింది.

అక్షత లాప్‌టాప్ తెరిచింది. కిటికీలోంచి వచ్చిన దూది నూగు తెర మీద వాలింది. పత్తి సీజన్లో ఆదోనిలో ఊపిరి పీల్చినా దూదే. తుడిచి మళ్ళీ చూసింది. అయిదు గీతలు. రెండింట్లో భుజం దండిగా ఉంది, మూడింట్లో అంతంత మాత్రం. వారం నుంచీ ఇదే గుబులు. సగటు తీస్తే ఫలితం నిలుస్తోంది. కానీ ఒకే నక్షత్రంలో ఆ రెండే ఎందుకంత లేచాయో సగటు చెప్పదు.

గోడ అవతలనుంచి పత్తి వ్యాపారుల ఇంటావిడ అలివేలుమంగ గొంతు వినపడింది.

“ఇందిరాబాయమ్మా, ఏకాదశి పూట పోపు పెడతాండారే! వాసన మా ఇంటిదాకా వచ్చి ప్రాణం తీస్తాంది.”

“మాకు రేపమ్మా. తెల్లారుజామున దశమి తగిలింది.”

“ఎంత తగిలింది?”

“చిటికెడు.”

“చిటికెడుకే దినమంతా చెడిపోతాదా?”

“వేధ తగిలినాక అది ఏకాదశి యాడిది? ఏకాదశి ఏసం కట్టిన దశమి.”

“మా ఇండ్లల్ల సూర్యుడు లేసేటప్పుడు ఏముంటే అదేనమ్మా.”

“మీ సూర్యుడు వ్యాపారస్తుడు, ఆలస్యంగా లేస్తాడులే.”

ఒకే గోడ, రెండు ఏకాదశులు. ఏళ్ళ తరబడి ఈ తగువు వింటూ అక్షత నవ్వుకునేది. ఈసారి నవ్వు రాలేదు. వేధ. పక్కది వచ్చి తగిలితే అది అది కాదు.

ఆమె తెర మీదికి వంగింది. భుజం దండిగా ఉన్న ఆ రెండు గీతల పక్కనే కార్బన్ జంట అణువుల సన్న గీతలుంటాయి. ఈ నక్షత్రంలో కార్బన్ తక్కువని మొదట్లో ఎప్పుడో అనుకుని, వాటిని లెక్కలోంచి తీసేసింది. అనుకుంది, కొలవలేదు. ఇప్పుడు కొలిచింది. ఉంది. దశమి తగిలింది. కార్బన్‌ను కలిపి లెక్క మళ్ళీ నడిపిస్తే భుజం జారిపోయింది. మిగిలింది మామూలు ముసలి నక్షత్రం.

“అన్నం తినవేమే? మొగం అట్ల పాలిపోయిందేంది?” అంది అత్త.

“నా గీతకు వేధ తగిలింది అత్తయ్యా.”

“అయితే ఇంకేం, రేపు పట్టు” అని ఆమె వంటింట్లోకి పోయింది.

మధుసూదన్ గారికి ఫోన్ చేసింది. ఆయన లెక్క మొత్తం మళ్ళీ చెప్పించుకున్నారు. చివరికి, “నాకూ తట్టలేదమ్మా. పేపరు ఆపుతా” అన్నారు. పెట్టేయబోతూ, “మిగతా నక్షత్రాల సగటులోనూ ఆ రెండు గీతలున్నాయి కదా?” అన్నారు. అవును. థీసిసంతా ఆ సగటుల మీదే ఉంది.

మధ్యాహ్నం బస్సెక్కింది. ఎమ్మిగనూరు వచ్చేదాకా కిటికీ కమ్మీ వదలలేదు. గేటు దగ్గర వీరేశ్ గారు ఫ్లెక్సుకు ఇంకో తాడు కట్టిస్తున్నారు.

“సార్, దాన్ని దింపాల. నేను చెప్పింది తప్పు.”

“ఏం మేడం, ఎవరన్నా మీకంటే ముందు కనిపెట్టినారా?”

“లేదు సార్. కనిపెట్టేదానికి ఆడ ఏమీ లేదు.”

ఆయన మొహంలో నవ్వు దిగింది, ఫ్లెక్సులో నవ్వు అలాగే ఉంది. “ఎమ్మెల్యే గారి మనుషులను గూడా పిలిచినా మేడం. మీరు నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తాది? ఆ నచ్చత్రం వచ్చి చెప్తాదా?”

ఆ మాట ఆమె పొద్దున్నుంచీ వందసార్లు తనకు తానే చెప్పుకుంది. “నాకు తెలుస్తాది సార్” అంది.

వీరేశ్ గారు రోడ్డు వైపు చూశారు, ఫ్లెక్సు వైపు చూశారు. తాడు కడుతున్న మనిషితో, “దింపప్పా” అన్నారు విసుగ్గా. మళ్ళీ ఆమె వైపు తిరిగి, “పిలిచినోళ్ళు వస్తారు. ఏదో ఒకటి మాట్లాడాల మీరు. టిఫిన్ గూడా చెప్పినా” అన్నారు.

“మాట్లాడతా. టిఫిన్ మాత్రం తినను సార్, రేపు మాకు ఏకాదశి.”

“క్యాలెండర్లో ఈ పొద్దు గదా?”

“అదే చెప్తా సార్ రేపు. ఆ రెండు దినాలకు తేడా యాడొస్తాదో.”

ఫ్లెక్సు దబ్బున కిందపడింది. ఆదోని బస్సు హారన్ కొట్టింది. పోవాలి. ఇంట్లో ఇంకా పదకొండు నక్షత్రాలున్నాయి, వాటిలో ఎన్నింటికి తగిలిందో చూడాలి.