వదిలి వెళ్లినా సాగే పని

విడవలూరు దగ్గర రొయ్యల పరీక్షాకేంద్రంలో పనిచేసే రోజుల్లో టెర్మినల్ మల్టీప్లెక్సర్ అనే సాఫ్ట్‌వేరు గురించి ఒక మాట విన్నాను: మన తెర మూసినా, నెట్ తెగినా, కేంద్రం కంప్యూటరులో అది తెరిచి ఉంచే సెషన్‌లో నడిచే లెక్క ఆగదని. విన్నదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. లెక్క నడుస్తుండగా నెట్‌వర్కు తీగ పీకాను. ల్యాప్‌టాప్ మూసి టీ తాగి వచ్చాను. ఇంటి నుంచి మళ్లీ తెరిచి చూశాను. ప్రతిసారీ లెక్క ముందుకు జరిగే ఉంది. అప్పుడు నమ్మాను.

తరువాత నా పనంతా దాని చుట్టూ కట్టుకున్నాను. రొయ్యల గుంటకొక సెషన్, సెషన్‌కు ఆ గుంట పేరు. తెర మీద ఎడమ గడిలో లెక్క, కుడి గడిలో అది ఎంతవరకు వచ్చిందో తెలిపే వరుసలు. ఫలితాన్ని మధ్యమధ్య డిస్కులో భద్రపరిచే ఏర్పాటును తీసేశాను. దానివల్ల వేగం తగ్గుతోంది, సెషన్ ఎలాగూ బతికే ఉంటుంది కదా అని. కేంద్రాన్ని శుభ్రం చేసే అక్కకు కూడా గొప్పగా చూపించాను, మనం వదిలి వెళ్లినా పని సాగుతుందని.

ఒక రైతు గుంటలో రొయ్య మేత మానేసింది. తెగులైతే ఆ సాయంత్రానికే పట్టుబడి చేయాలి, అంటే ఉన్న రొయ్యంతా పట్టి అమ్మేయాలి; కాకపోతే ఇంకో నెల పెంచవచ్చు. ఆ గుంట నమూనా జన్యుక్రమాన్ని తెగులు వైరస్‌లతో పోల్చే లెక్క ఉదయం మొదలుపెట్టి, రసాయనాల కోసం నెల్లూరు వెళ్లాను. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి కంప్యూటరు ఆరిపోయి ఉంది.

"ఉరిమింది సార్. మెయిన్ దించేసినాను" అన్నది అక్క. ఉరుము వినబడితే కరెంటు మెయిన్ స్విచ్చి దించడం మా తీరంలో అందరూ చేసేదే. యూపీఎస్ కాసేపు మోసి చేతులెత్తేసింది.

"లెక్క నడస్తా ఉండింది కదక్కా."

"మనం లేకపోయినా అది చేసుకుంటుందని మీరే చెప్పినారు."

తీగ తెగడాన్ని ఎన్నోసార్లు పరీక్షించాను. యంత్రమే ఆరిపోవడాన్ని ఒక్కసారీ పరీక్షించలేదు. మెయిన్ ఎత్తి సెషన్ల జాబితా అడిగితే ఒక్కటీ లేదు.

రైతు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు.

"ఏం తేలింది సార్?"

"మళ్లీ మొదలుపెట్టాలన్నా. రేపు ఉదయానికి చెప్తాను."

"అందాకా పట్టకుండా ఆగమంటారా?"

ఆధారం లేకుండా ఆగమనీ చెప్పలేను, పట్టమనీ చెప్పలేను. ఆ మాటే అన్నాను.

"మీ మిషను ఆగినట్టు రొయ్య ఆగదు సార్" అని బండి తీశాడు.

సాయంత్రానికి గుంట పట్టించాడు. మరునాడు ఫలితం వచ్చింది: తెగులు లేదు. నమ్మలేక ఇంకొకసారి లెక్కించాను. అదే. ఫోన్ చేసి చెప్పాను.

"ఇప్పుడు చెప్తే ఏం చేసేది సార్?" అన్నాడు. "నీళ్లు కూడా తోడేసినాం."