పచ్చోడికి ఎండ కావాలి

అరకు రైల్వే స్టేషను దాటి గుట్ట వైపు నడిస్తే ఒక ప్రభుత్వ గెస్ట్ హౌస్ వస్తుంది. దాన్ని ఊడ్చి తుడిచి, వచ్చినవాళ్ళకి టీ కాచి ఇచ్చే మనిషి కనక. ఆ పని మొదట ఆమె మొగుడు సోంబరుది. అతను మలేరియా జ్వరంతో పోయాక ఆ ఉద్యోగం కనకకి ఇచ్చారు. పిల్లల్లేరు. వెనకవైపు ఒంటిగది క్వార్టరు, దాని ముందు కాస్త పెరడు, అదే ఆమె సంసారం. తమ్ముడు సుక్రు పక్క ఊళ్ళో కాఫీ మొక్కలూ చోడిచేనూ చూసుకునేవాడు. సంతకి వచ్చినప్పుడల్లా అక్క గుమ్మంలో కాసేపు కూర్చుని పోయేవాడు. మిగతా రోజుల్లో కనకతో పని చెప్పేవాళ్ళే గాని మాట్లాడేవాళ్ళు లేరు.

పక్క బంగళాలో సూర్యనారాయణ అనే ఆఫీసరు ఉండేవాడు. ఆయన కూతురు మౌనిక ఒకసారి విశాఖపట్నం వెళ్ళి పెంపుడు జంతువుల షాపులో ఇగువానా పిల్లని కొనుక్కొచ్చింది. చిలకపచ్చ రంగు, మెడ కింద వేలాడే సంచి, ఒంటి కంటే పొడుగు తోక. కొన్నాళ్ళు ముద్దుచేసింది. రెండు వేల రెండులో ఆఫీసరుకి బదిలీ అయింది. సామాను లారీకి ఎక్కించాక ఆయన కనకని పిలిచాడు.

"అక్కడ ఇల్లు కుదిరేదాకా దీన్ని చూడు కనకా. నెలలో వచ్చి తీసుకెళ్తాం. ఆకులు పడేస్తే చాలు, అదే తింటుంది."

నెల గడిచింది. ఇంకో నెల కూడా గడిచింది. గెస్ట్ హౌస్ ఫోనుకి ఆయన కబురు వచ్చింది. అపార్టుమెంటులో ఇలాంటివి ఉంచనివ్వరట, మౌనికకి చదువు ఒత్తిడట. "నువ్వే ఉంచుకో. కష్టమనిపిస్తే జూకి ఇచ్చెయ్," అన్నాడు.

కనక ఫోను పెట్టేసి వచ్చి బుట్ట మూత తీసింది. ఆ జీవం ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. "నిన్నొగ్గేసినారు రా పచ్చోడా," అంది. ఆ పేరే ఉండిపోయింది.

పచ్చోడికి ఏం ఇష్టమో ఆమె పెట్టి పెట్టి తెలుసుకుంది. మునగాకు, గుమ్మడి పువ్వు, మందారం తింటాడు. వంకాయ ముక్క ముట్టడు. తోక పట్టుకుంటే కొరడాలా కొడతాడు, చర్మం వాస్తుంది. ఒంటి మీద పాత పొర ఊడేటప్పుడు గోరువెచ్చని నీళ్ళ బేసిన్లో కూర్చోబెడితే కళ్ళు మూసుకుని హాయిగా ఉంటాడు. గెస్ట్ హౌస్‌కి వచ్చినవాళ్ళు మొసలిపిల్లనుకుని కెవ్వుమనేవాళ్ళు. పాలు పోయడానికి వచ్చే ముసలామె గుమ్మం ఎక్కడం మానేసింది. అసలే తక్కువ వచ్చే మనుషులు ఇంకా తగ్గిపోయారు.

సుక్రు మాత్రం చూసి పగలబడి నవ్వాడు.

"అప్పా, కూరని ఒళ్ళో ఎట్టుకుని కూకున్నావేటి? ఉడుమే కదేటి ఇది?"

"ఉడుము కాదురా. ఏదో దేశంది. సెయ్యెట్టకు, కొడతాది."

"ఏ దేశందైనా సట్టిలో ఒకటే," అన్నాడు సుక్రు. అక్క మొహం చూసి ఆ మాట మళ్ళీ అనలేదు.

చలికాలం వచ్చింది. అరకులో డిసెంబరంటే పొద్దెక్కేదాకా మంచు విడవదు. గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది. ఒక పొద్దున్న బుట్ట తీసి చూస్తే పచ్చోడు కట్టెలా బిగుసుకుపోయి ఉన్నాడు. రంగు మాసి బూడిద రంగులోకి తిరిగిపోయింది. కనక వాణ్ణి రవికె మీద ఎత్తుకుని, పైన చీరకొంగూ దుప్పటీ చుట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. టీ అడగడానికి వచ్చిన గెస్టు తలుపు కొట్టి కొట్టి పోయాడు. చాలాసేపటికి ఆమె మెడ దగ్గర చిన్న గోళ్ళు కదిలాయి.

ఆ రోజు నుంచి చలికాలమంతా అదే వరస. కరెంటు ఉంటే బుట్ట మీద బల్బు, లేకపోతే కుంపటి. పని అయిపోగానే ఆమె గోడకి ఆనుకుని కూర్చునేది. పచ్చోడు తనంతట తనే పాక్కుంటూ వచ్చి, మోకాలెక్కి, కొంగులో దూరి, తల ఆమె మెడ కింద పెట్టుకునేవాడు. సోంబరు పోయాక ఆమె ఒంటిని ఎవరూ తాకలేదు. ఆ బరువు అలా గుండెల మీద ఉంటే ఆమెకి లేవబుద్ధయ్యేది కాదు. "నానుంటే సాల్రా నీకు," అనుకునేది. మేనకోడలి పెళ్ళికి కూడా పొద్దున్న పోయి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేసింది. భోజనాలకి ఉండలేదని సుక్రు కోపగించుకున్నాడు.

రెండో చలికాలం గట్టిగా దెబ్బ తీసింది. పచ్చోడు తినడం మానేశాడు. దవడ వాచింది, వెనక కాళ్ళు వణికేవి. కనక బుట్ట నెత్తిన పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరు వరహాలరావు ఇగువానాని ఎప్పుడూ చూడలేదు. ఆ మాట దాచలేదు కూడా. విశాఖలో తెలిసినవాళ్ళకి ఫోను చేసి కనుక్కుంటానన్నాడు. మర్నాడు రమ్మని కబురు పెట్టాడు.

"మందు ఇస్తాను కనకమ్మా. కానీ మందుతో ఆగేది కాదు. దీనికి ఎండ కావాలి. ఒంట్లో వేడి లేకపోతే తిన్నది అరగదు, ఎముక గట్టిపడదు. ఈ చలిలో ఇంకో ఏడాది బతకదు."

"మరేటి సెయ్యమంటారు బాబూ?"

"కిందకి పంపించెయ్. వేడి ఊళ్ళో ఎవరైనా పెంచుతారేమో చూడు."

ఎవరు పెంచుతారు? చూసినవాళ్ళు చంపుతారు, లేకపోతే వండుకుంటారు. జూ మాట తలుచుకుంది. కానీ చేతులారా అప్పగించి, ఖాళీ బుట్టతో బస్సెక్కి రావడం ఊహించుకోలేకపోయింది. వారం రోజులు మథనపడి చివరికి ఆఫీసుకి వెళ్ళి బదిలీ అడిగింది. కొయ్యూరులో తమ శాఖ ఆఫీసులో అటెండరు పోస్టు ఖాళీగా ఉందని ఆమెకి తెలుసు. కొండల కింద, ఎండ మాడ్చే ఊరు. అక్కడి నుంచి వచ్చేస్తామని అడిగేవాళ్ళే గాని, పోతానన్నవాళ్ళు లేరు. సంతకం వెంటనే అయింది.

సుక్రు మొహం ఎర్రబడింది. "అమ్మ పోయినాక నువ్వే నాకు పెద్దదానివి. ఒక తొండ కోసం నన్నొగ్గేసి పోతావా?"

"నువ్వు బతకనేర్చినోడివి రా. అది బతకలేదు."

"మరి నువ్వో?"

కనక బుట్ట మూతకి తాడు బిగించి కట్టింది.

బస్సులో బుట్ట ఒళ్ళో పెట్టుకుని, పైన కంబళి కప్పుకుని కూర్చుంది. పాడేరు, చింతపల్లి దాటి ఘాటీ దిగుతుంటే కిటికీలోంచి వచ్చే గాలి మెల్లగా వేడెక్కింది. కంబళి తీసేసింది. కాసేపటికి బుట్టలో గీరుతున్న చప్పుడు. మూత సందులోంచి పచ్చోడు తల పైకెత్తి, నాలుక బయట పెట్టి ఆ గాలిని రుచి చూస్తున్నాడు. అన్ని నెలల్లో అంత చురుగ్గా ఆమె వాణ్ణి చూడలేదు. కళ్ళు తుడుచుకుంది.

కొయ్యూరు క్వార్టరు పెరట్లో పెద్ద జామచెట్టు ఉంది. పచ్చోడు దాన్ని చూడగానే ఎక్కేశాడు. నెల తిరిగేసరికి దవడ వాపు పోయింది, పచ్చరంగు తిరిగొచ్చింది. ఆకులు వాడే కోసుకుని తినేవాడు. ఆ వేసవిలో జానెడు పెరిగాడు. తెచ్చినందుకు ఫలితం దక్కిందని కనక సంతోషించింది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేది. ఒడి తట్టి పిలిచేది. పచ్చోడు కొమ్మ మీదనుంచి చూసేవాడు, దిగేవాడు కాదు. ఒకరోజు పట్టుకుని తెచ్చి ఒళ్ళో పెట్టుకుంటే తోకతో కొట్టి, చేతిని చీరేసి మళ్ళీ చెట్టెక్కాడు. చలికాలం వస్తే వస్తాడేమోనని ఎదురుచూసింది. అక్కడి చలి ఒక చలా? పొద్దున్నే ఎండ పడే గోడ మీదికి పోయి పడుకునేవాడు.

మళ్ళీ పట్టుకోబోతే చేతి మీద పడ్డ గీతలకి పసుపు రాసుకుంటుంటే పక్కింటి జయలక్ష్మి చూసింది. మైదానం నుంచి వచ్చి అక్కడ కిరాణా కొట్టు పెట్టుకున్న మనిషి.

"అంత ప్రేమగా చూస్తావు, నీ దగ్గరికి రాదేం?"

"అక్కడ సలికి వొచ్చీవోడమ్మా," అంది కనక. "నానే నా కోసమనుకున్నాను. ఇప్పుడాడికి ఎచ్చగానే ఉన్నాది."

ఆ మాట బయటికి అన్నాక ఆమెకే వింతగా అనిపించింది. కోపం రాలేదు. ఒడి మాత్రం ఖాళీగా ఉంది.

సుక్రు టెలిఫోన్ బూతు నుంచి ఆఫీసుకి ఫోను చేసేవాడు. "బాగుపడిపోనాది కదా, ఇంక వొచ్చీ అప్పా," అనేవాడు. ఆమె వెళ్తే పచ్చోడు ఏ కుర్రాళ్ళ రాళ్ళకో పోతాడు. తీసుకెళ్తే చలికి పోతాడు. అందుకని ఉండిపోయింది. ఊళ్ళో అందరూ తెలుగే మాట్లాడేవారు. ఆమె పుట్టి పెరిగిన కొండల్లో మాట్లాడే ఒడియా వినపడేది కాదు. మొదట్లో పెరట్లో నిలబడి చెట్టుకేసి ఆ మాటలే మాట్లాడేది. తర్వాత అదీ తగ్గింది.

ఒక ఏడాది వర్షాకాలం ముందు, సంతలో ఉప్పు కొంటుంటే వెనక ఎవరో ఆమె భాషలో లెక్కపెట్టుకోవడం వినిపించింది. కనక గిరుక్కున తిరిగింది. చీపుళ్ళమ్మే ముసలామె. అరకు పక్కన డుంబ్రిగూడ వైపు మనిషట, కూతురి పురుడుకని ఇటొచ్చిందట. కనక అక్కడే గొంతుక్కూర్చుంది. వానలెలా ఉన్నాయో, చోళ్ళు చల్లారో లేదో, ఈసారి చైత్ర పండక్కి ఎవరెవరు ఆడారో అడిగింది. మాటలు మొదట తడబడ్డాయి, తర్వాత ఆగలేదు.

"వొచ్చే సంతకి వొత్తావా?" అని అడిగింది చివరికి.

"నానెందుకొత్తానమ్మా? రేపు ఎల్లిపోతాను," అంది ముసలామె, కూతురి వాళ్ళ జీపు హారను విని లేస్తూ.

కనక ఒక చీపురు కొనుక్కుంది. జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత దారిలో పచ్చోడికి మునగాకు కోసుకుని ఇంటికి వెళ్ళింది.