సైకిలు చైను కోసం కాణిపాకం ప్రమాణం

నాకు పుట్టుకతోనే అనుమానం. బజారులో వంకాయలు ఏరుతుంటే, "పుచ్చు దొరికితే గానీ ఈ మనిషికి తృప్తి ఉండదు" అంటుంది మా ఆవిడ. షుగరు వచ్చిందని డాక్టరు సైకిలు తొక్కమన్నప్పుడు, ముక్కూ మొహం తెలియనివాళ్ళను నమ్మలేక, శ్రీకాళహస్తిలో ఉండే మా ఆవిడ అన్న దగ్గర ఆయన పాత గేర్ల సైకిలు కొన్నాను.

ఇచ్చేటప్పుడు బావ ఒక మాట చెప్పాడు. "బావా, చైనూ, గేర్ల పళ్ళూ కలిసి అరిగినాయి. ఇట్లే ఇంకొన్నాళ్ళు నడుస్తాది. మారిస్తే అన్నీ ఒకేసారి మార్సు, ఒక్కటి మాత్రం ముట్టుకోవద్దు."

ముట్టుకోవద్దు అన్నాడంటే అక్కడేదో దాచాడన్నమాట. చిత్తూరులో మా ఇంటికి వచ్చాక, పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రం మీద చైనును వేళ్ళతో పట్టి లాగాను. పళ్ళు బయటపడేంత లేచింది. సాగిపోయిన చైనుకు అదే గుర్తు. బండారం బయటపడిందనుకుని మరునాడే నా చేతులతో కొత్తది వేశాను. చైను ఒక్కటే.

ఆ సాయంత్రం మా వీధి చివర ఎత్తెక్కుతూ గట్టిగా తొక్కితే టక్కుమని చైను జారింది. పెడలు వట్టినే కిందికి పోయి, మోకాలు హ్యాండిలుకు కొట్టుకుంది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ జారింది. బావ తొక్కి చూపించినప్పుడు ఒక్కసారి కూడా జారలేదే! ఆ తర్వాత నేను వాళ్ళింట్లో భోంచేస్తుండగా, వెనక చక్రానికి ఉన్న మంచి పళ్ళు విప్పేసుకుని పాతవి బిగించాడని తేల్చేసుకున్నాను.

మోకాలి నొప్పి మీద ఫోను చేసి అనరాని మాట అన్నాను. "నువ్వేం మార్సలేదని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

మా జిల్లాలో ఈ మాట ఊరికే అనరు. పొలం గట్ల తగాదాలకు, దొంగతనాలకు, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి నిజం చెప్పాల్సిన పని అది. బావ "ఆదివారం వస్తాను" అని పెట్టేశాడు. అది విన్న మా ఆవిడ నాతో మాటలు మానేసింది.

నా వైపు సాక్ష్యం ఉండాలని శనివారం సైకిలును మెకానిక్ దగ్గరికి నడిపించుకుపోయాను. ఆయన వెనక పళ్ళు చూపించాడు. కొడవలి మొనల్లా ఒక పక్కకు వంగి ఉన్నాయి.

"ఇవి ఏండ్ల తరబడి అరిగినవప్పా. ఈ నట్టు సూడు, తుప్పు పట్టి అట్లే ఉండాది. దీన్నెవరూ విప్పలా. పాత చైను సాగింది గాబట్టి ఈ పళ్ళ మీద కూసునేది. కొత్తది యాడ కూసుంటాది? ఎవురు ఏసినారు దీన్ని?"

సైకిలు తిప్పుకుని బయటపడ్డాను. ఇంటికొచ్చి ఎన్నిసార్లు ఫోను చేసినా బావ ఎత్తలేదు. ఆ రోజంతా సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదివారం నేను కాణిపాకంలో బస్సు దిగేసరికి ఆయన అప్పటికే స్నానం చేసి, తడి పంచెతో నిలబడి ఉన్నాడు. జరిగిందంతా చెప్పి, "తప్పు నాదే బావా. పద, ఇంటికి పోదాం" అన్నాను.

ఆయన కదల్లేదు. "నా ప్రమాణం అక్కర్లేదంటే సరే. నువ్వు సెయ్యి. ఇంకెప్పుడూ నన్ను అనుమానించనని లోపలికొచ్చి ఒక్క మాట సెప్పు. మీ ఇంట్లో భోంచేసే పోతాను."

ఆ దేవుడి ముందు అబద్ధం ఆడకూడదు. నా సంగతి నాకు తెలుసు. ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేకపోయాను. బావ మా ఇంటికి రాకుండా, ఆ తడి పంచెతోనే తిరుపతి బస్సెక్కాడు.