రండి అనని శాలేమురాజు గారు

రేపల్లెలో ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం ఉండి, గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఒక్కసారి కూడా "రండి" అనని వాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు శాలేమురాజు. ప్రభుత్వ రక్తపిపాసి నివారణ శాఖలో క్షేత్ర సహాయకుడు. మామూలు మాటల్లో చెప్పాలంటే, నెత్తురు తాగేవాళ్ళను వేటాడే ఉద్యోగం.

నెత్తురు తాగేవాళ్ళు మన డెల్టాలో తరతరాలుగా ఉన్నారు. జనం ఆ మాట నోటితో అనలేక "సాయంత్రపువాళ్ళు" అంటారు. పొద్దుగూకాక బయటికి వస్తారు, తెల్లారేలోపు ఎక్కడో పడుకుంటారు. వాళ్ళకున్న కట్టడి ఒక్కటే. ఇంటివాళ్ళు పిలవందే గేటు దాటలేరు. పేరు పెట్టి పిలిస్తే ఆ పేరుగలవాడు మాత్రమే రాగలడు. పేరు లేకుండా "రండి" అంటే ఆ మాట విన్న ప్రతివాడూ రావచ్చు. ఒకసారి పిలుపు అందుకున్నవాడికి ఆ ఇంటి గుమ్మం ఇక ఎప్పటికీ మూసుకోదు.

మిగతా ప్రాంతాల్లో ఈ కట్టడిని నమ్ముకుని జనం హాయిగా నిద్రపోతున్నారట. చిక్కంతా మన దగ్గరే. గేటు ముందు గేదె ఆగినా "రండి, కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అనే ఊళ్ళు మనవి.

ఢిల్లీ నుంచి వచ్చిన సర్క్యులర్లో వెల్లుల్లి వాడమని ఉంది. గోంగూర పచ్చడిలో వెల్లుల్లి రెబ్బలు ఏరుకు తిని పెరిగి, పోయి, మళ్ళీ లేచిన వాళ్ళను వెల్లుల్లి ఏం చేస్తుంది? తెనాలిలో సాయంత్రపువాళ్ళలో ఒకాయన గేటుకు కట్టిన దండలోంచి నాలుగు రెబ్బలు తుంచుకుని, మిగతాది సరిచేసి వెళ్ళాడని రికార్డులో ఉంది. ఇక మిగిలింది తుమ్మకర్ర మేకు. పడుకున్న చోటు కనిపెట్టి, పగటిపూట, గుండెలో దించాలి. శాలేమురాజు గారు తన సర్వీసులో తొమ్మిది దించారు. మిగతా కాలమంతా టీవీఎస్ బండి మీద మధ్యాహ్నపు ఎండలో తిరుగుతూ, జనానికి పిలవకుండా ఉండటం నేర్పడంలో గడిచింది. జిల్లాలు విడిపోయాక రేపల్లె బాపట్ల కిందికి వచ్చింది, తెనాలి గుంటూరు కిందే ఉండిపోయింది. దాంతో రేపల్లె నుంచి తరుముకెళ్ళిన వాణ్ణి హద్దు దగ్గర వదిలి, ఉత్తరం రాసి, జవాబు కోసం కూర్చోవడం కూడా ఉద్యోగంలో భాగమైంది.

ఆయన పట్టలేకపోయిన వాడు ఒక్కడే. వెంకట్రామయ్య గారు. బతికున్న రోజుల్లో పిట్టలవానిపాలెంలో తెలుగు మేష్టారు. పోయాక కూడా మర్యాద తప్పలేదు. పొద్దువాలాక తెల్ల పంచెతో గేటు ముందు నిలబడి, "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తావా?" అంటారు. అంతే. పిలుపు దానంతట అదే వస్తుంది. పుల్లమ్మ ఇంట్లో జరిగింది అదే. మర్నాడు శాలేమురాజు గారు విచారణకు వెళ్ళారు.

"ఎందుకు పిలిచావు పుల్లమ్మత్తా?"

"పొద్దుగూకే వేళ పెద్దమనిషి నీళ్ళడిగితే గేటు బయటే ఉండమంటానేంటి నాయనా. మాకు చేతకాదు."

"మెడ మీద ఆ గాట్లేంటి మరి?"

"కాస్త తాగారులే. నాకు గుణింతాలు దిద్దించిన మేష్టారు. కాఫీ కలిపిస్తే వద్దన్నారు. అదీ నా బాధ."

"ఆయన పగలు ఎక్కడ పడుకుంటాడో చెప్పు."

"నాకేం తెలుసు నాయనా," అని పుల్లమ్మ ఎదురింటి వైపు చూసింది. ఎదురింటావిడ ఆకాశం వైపు చూసింది. వెంకట్రామయ్య గారు పడుకునే చోటు మూడు ఊళ్ళకు తెలుసు. శాలేమురాజు గారికి తప్ప.

ఇలాంటి జనం మధ్య పనిచేసేవాడికి నోరు జారకూడదని శాఖ ఒక నిబంధన పెట్టింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎవరినీ "రండి" అనకూడదు. పేరు పెట్టి పిలవడానికి పద్నాలుగో నిబంధనలో మినహాయింపు ఉంది గానీ, పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడం మన వైపు మర్యాద కాదు కాబట్టి దాన్ని వాడినవాడు లేడు.

దీనివల్ల ఆయనకు పొగరన్నారు. మనుషులంటే గిట్టదన్నారు. స్వయానా అక్కగారు రెండేళ్ళు మాట్లాడలేదు. చివరికి ఆయన భార్య రూతమ్మ గారు ఒక దారి కనిపెట్టారు. ఎవరైనా గేటు దగ్గర కనబడితే తలుపు బార్లా తీసి, "కుర్చీ ఉందండి," అంటారు. కాసేపాగి, "టీ మరుగుతోందండి," అంటారు. ఇవి పిలుపులు కావు, సమాచారం. శాఖ కూడా పరిశీలించి ఒప్పుకుంది. ఇరుగుపొరుగు అలవాటుపడి, "శాలేమురాజు గారింట్లో ఇవాళ కుర్చీ ఉందా?" అని నవ్వుకుంటూ వచ్చేవారు. రోజువారీ రాకపోకలు అలా గడిచిపోయాయి.

పెళ్ళి అలా గడవదు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు హెప్సిబాకు బాపట్లలో టీచరుగా పనిచేసే శ్యామ్‌తో సంబంధం కుదిరింది. శాలేమురాజు గారు కార్డులు అచ్చు వేయించడానికి తెనాలి వెళ్ళారు. ప్రెస్సు యజమాని కృష్ణకాంత్ ఆయన రాసిచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ఈ నెల పద్దెనిమిదిన సాయంత్రం నాలుగు గంటలకు చర్చిలో వివాహము జరుగును. ఆరున్నరకు వధువు ఇంట విందు ఉండును." అంతే ఉంది.

"ఇది పెళ్ళి కార్డా అండి, కరెంటు కోత ప్రకటనా?"

"పెళ్ళి కార్డేనండి."

"బంధుమిత్ర సమేతంగా విచ్చేసి ఆశీర్వదించమని ఒక్క లైను వేద్దాం సార్. ఆ లైను నేను ఊరికే వేస్తాను."

"ఆ లైను చదివి ఎవరొస్తారో మీకు తెలియదండి. నాకు తెలుసు."

కార్డులు వెళ్ళిన వారానికి వియ్యపురాలు దేవకుమారి గారు స్వయంగా బస్సెక్కి వచ్చారు. రూతమ్మ గారు కుర్చీ ఉందన్నారు. ఆవిడ కూర్చుని, టీ సంగతి కూడా విన్నాక, అసలు మాటకొచ్చారు.

"అన్నయ్య గారూ, మీ ఉద్యోగం తెలిసే సంబంధం కలుపుకున్నాం. కార్డు సంగతి పోనివ్వండి. కానీ మావాళ్ళు వందమంది బస్సు మాట్లాడుకుని వస్తారు. పెళ్ళికూతురి తండ్రి గేటు దగ్గర నిలబడి రమ్మనకపోతే అదే బస్సులో వెనక్కి పోతారు. నేను ఆపలేను. నిజం చెప్పాలంటే ఆపను కూడా."

ఆవిడ వెళ్ళాక హెప్సిబా తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నువ్వు అనలేకపోతే అనకు. కానీ ఖాళీ బల్లల ముందు నన్ను కూర్చోబెట్టకు."

మర్నాడు శాలేమురాజు గారు బాపట్ల వెళ్ళి, వచ్చే వంద మంది పేర్లు, వరసలతో సహా రాసిమ్మని వియ్యపురాలిని అడిగారు. బట్టలు పెట్టడానికేమో అనుకుని ఆవిడ సంతోషంగా రాసిచ్చారు. ఆ రోజు నుంచి ఆయన బండి మీద వెళ్తూ ఏదో గొణుక్కుంటూ కనబడ్డారు. పెళ్ళి దిగులు తలకెక్కిందని ఊరు తీర్మానించింది.

పద్దెనిమిదిన చర్చిలో పెళ్ళి చక్కగా జరిగింది. చర్చికి పిలిచేది దేవుడు, విందుకు పిలవాల్సింది ఇంటాయన. అందుకని ఆరున్నరకు రెండు వందల చిల్లర మంది వచ్చి, షామియానా బయట, గేటుకు రెండు గజాల అవతల ఆగిపోయారు. ఎవరూ కోపంగా లేరు. ఎవరూ కదలలేదు కూడా. బాపట్ల బస్సు డ్రైవరు ఇంజను ఆపకుండా అలాగే ఉంచాడు. లోపల ఖాళీ బల్లల ముందు హెప్సిబా కూర్చుని ఉంది. బిర్యానీ మూతల కింద నుంచి వాసన గేటు దాకా వస్తోంది.

గుంపు చివర తెల్ల పంచె కనబడింది. వెంకట్రామయ్య గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. వేటాడేవాడి ఇంటి గుమ్మం తెరుచుకునే రోజు కోసం ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు కాచుకున్నారు. ఒక్క "రండి" చాలు. విందుకే కాదు, ఆ ఇంటికి ఎప్పటికీ.

శాలేమురాజు గారు గేటు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నారు.

"పుల్లమ్మత్తా, నువ్వు రా. నీ మనవరాలు నీరజ, ఆ పిల్ల కూడా రావాలి. మధుసూదన్ బాబాయ్ గారూ, మీరు రండి. సుబ్బరత్నమ్మ పిన్నిగారూ, మీరు రండి, మోకాలు జాగ్రత్త, మెట్టుంది. ఆదాము బావా, రా."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పుల్లమ్మ ముందు కదిలింది. ఆమె వెనక ఒక్కొక్కరే, పిలుపు అందినవాళ్ళు అందినట్టు లోపలికి నడిచారు. ఆయన చేతిలో కాగితం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఏ గడపల మీద నిలబడి జనాన్ని విసిగించారో ఆ గడపల వెనక ఉన్న పేర్లన్నీ, కొత్త కోడళ్ళతో సహా, ఆయనకు నోటికి వచ్చు. వాళ్ళయ్యాక బాపట్ల వాళ్ళ వంతు వచ్చింది. తానెన్నడూ చూడని మనుషులను అన్నయ్య, వదిన, తాతగారు అంటూ వరస తప్పకుండా పిలుస్తుంటే, డ్రైవరు ఇంజను ఆపేశాడు. కాసేపటికి "ప్రతాప్ తమ్ముడూ, నువ్వూ రావయ్యా," అని వినబడితే అది తన పేరేనని అతనికి వెంటనే తట్టలేదు.

గంటా పది నిమిషాలు పట్టింది. గొంతు బొంగురుపోయింది. చివర్లో దేవకుమారి గారి చిన్నకూతురు చంకలో పసిదానితో లోపలికి రాబోతుంటే, దేవకుమారి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మా మనవరాలిని పిలవలేదండి."

"జాబితాలో లేదు చెల్లెమ్మా. పేరు చెప్పండి."

"ఇంకా పెట్టలేదు," అన్నారు ఆవిడ, కాస్త తగ్గి.

ఐదు నెలలుగా ఆ పిల్ల పేరు మీద రెండు కుటుంబాలు తగువులాడుతున్నాయి. తండ్రి వైపు వాళ్ళు బైబిలు పేరంటారు, తల్లి వైపు వాళ్ళు పలకడానికి తేలికైన పేరంటారు. అయితే బిర్యానీ చల్లారుతోంది. షామియానాలోంచి రెండు వందల మంది చూస్తున్నారు. "ప్రశాంతి," అన్నాడు పిల్ల తండ్రి. ఎవరూ కాదనలేదు.

"ప్రశాంతమ్మా, రా తల్లీ," అన్నారు శాలేమురాజు గారు. పిల్ల నిద్రలోనే లోపలికి వెళ్ళింది. దేవకుమారి గారు తన కోసం మళ్ళీ పిలిపించుకోకుండా వెనకే వెళ్ళి, హెప్సిబా పక్కన కూర్చుని, "మీ నాన్న పిలిచినట్టు మావాళ్ళను జన్మలో ఎవరూ పిలవలేదమ్మా," అన్నారు.

గేటు బయట ఒక్కరే మిగిలారు.

"నా పేరు కూడా మీకు తెలుసు కదండీ," అన్నారు వెంకట్రామయ్య గారు.

"తెలుసండి."

"ముప్పై ఒక్క ఏళ్ళ పరిచయం మనది."

"అవునండి."

లోపల మొదటి బంతి మొదలైంది, గరిటెల చప్పుడు వినబడుతోంది. శాలేమురాజు గారు వెనక్కి తిరిగి, షామియానాలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, గేటు మీదుగా అందించి, అవతల నేల మీద ఆనించారు.

"కుర్చీ ఉందండి మేష్టారూ," అన్నారు.

వెంకట్రామయ్య గారు ఆ మాటను ఒకసారి తూచి చూసుకున్నారు. అందులో పిలుపు ఎక్కడా లేదు. పంచె సర్దుకుని కూర్చున్నారు.

"కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నారు, అలవాటు కొద్దీ.

రూతమ్మ గారు స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి గేటు స్తంభం మీద పెట్టి, "నీళ్ళు ఉన్నాయండి," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన నీళ్ళు తాగారో, పారబోశారో చూసినవాళ్ళు లేరు. ఆఖరి బంతి లేచేదాకా కుర్చీలో ఉండి పెళ్ళికూతురిని చూస్తూ కూర్చున్నారని, పాట వచ్చినప్పుడు మోకాలి మీద తాళం వేశారని బస్సు డ్రైవరు చెప్పాడు. తెల్లారి రూతమ్మ గారు వాకిలి ఊడవడానికి వచ్చేసరికి కుర్చీ గోడకు ఆనించి ఉంది. గ్లాసు కడిగి, స్తంభం మీద బోర్లించి ఉంది.