ఆదెన్న లైటు కంబం

మా గార్లదిన్నె దిక్కు ఊళ్లలో దేనికి కరువున్నా నీళ్లు రాని ప్లాస్టిక్ పైపులకు మాత్రం ఉండేది కాదు. రెండువేల రెండు, మూడు ప్రాంతంలో ఎవరి బోరు చూసినా ఎండిందే. పైకి లాగిన పైపులు బట్టలారేసే దండేలయ్యాయి, కోళ్లు ఎక్కి కూర్చునే కొయ్యలయ్యాయి. ఆదెన్న చేతిలో పడ్డవి ఏమయ్యేవో ఆ దేవుడికే తెలియాలి.

ఆదెన్న బోరు మోటార్లు బాగుచేసే మనిషి. ఆ పనికి వంక పెట్టలేం. కానీ ఊరికే ఉండలేని చెయ్యి అతనిది. అతను పైపులతో చేసిన కుర్చీలో కూర్చుని నేను వెల్లకిలా పడ్డాను, మా అంగడి ముందే, బేరానికొచ్చిన వాళ్ల ఎదుటే. ఆ కోపం నాకింకా పోలేదు.

తోటలకు కరెంటు వచ్చేది పొద్దు గూకాక. అది వచ్చేలోగా మోటారు బోరులోకి దిగాలి. మసక వెలుతురులో అతనికి లైటు పట్టుకునేది పెండ్లాం తిమ్మక్క. ఆమె నోరూ చెయ్యీ ఒకే దిక్కు పోతాయి. ఓబమ్మ ఇంటి గొడవ చెప్పేటప్పుడు వెలుగు కూడా ఓబమ్మ ఇంటి వైపే తిరిగేది. ఆదెన్న చీకట్లో వైరు అనుకుని వేలికి టేపు చుట్టుకునేవాడు. ఒకనాడు విసిగిపోయి నలుగురిలో అనేశాడు.

"నోరు లేని కంబం ఒకటి చేసుకుంటా. నీకంటే అదే నయం."

తిమ్మక్క లైటు అక్కడే కింద పెట్టింది. "చేసుకో. నేనింక నీ లైటు పట్టుకుంటే నన్ను తిమ్మక్క అనొద్దు."

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. మొదట్లో ప్రాణం హాయిగా ఉందన్నాడు. తర్వాత పని లేకపోయినా మా అంగట్లో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. కంబం పడిపోతే ఊరంతా నవ్వుతుంది. నిలబడితే తిమ్మక్క ఇక పలకదు. అది అతనికి తట్టలేదు. నాకు తట్టింది కానీ చెప్పలేదు. కుర్చీ సంగతి నేనెట్లా మరుస్తాను?

కంబం బాగానే చేశాడు, ఒప్పుకోవాలి. నాలుగు దిక్కులకూ నాలుగు లావు పైపు కాళ్లు, నడుమ మనిషెత్తు పైపు, దాని పైన పాత ట్రాక్టరు హెడ్‌లైటు, పక్కన బ్యాటరీ. విప్పి సైకిల్ మీద కట్టుకుపోవాలని కాళ్ల అతుకులకు గమ్ము పూయలేదు. వచ్చిన తంటా అంతా మా ఆషాఢం గాలితోనే. కాళ్లలో బరువు లేకపోతే కంబం నిలబడదు. ఇసక పోస్తే వంపుల్లో ఇరుక్కుంటుంది, నీళ్లయితే వాటంతటవే కాళ్లలోకి దిగుతాయని ఆదెన్న ఆలోచించాడు. నీళ్లు ఎవరివని మాత్రం ఆలోచించలేదు. ఇంట్లో ఉన్న రెండు నిండు బిందెలూ సైకిల్‌కు కట్టుకుని కదిరప్ప తోటకు పోయాడు.

కదిరప్పవి చీనీ చెట్లు, అదే బత్తాయి. పాత బోరు మోటారు చెడిపోయి ఆకులు ముడుచుకుంటున్నాయి. దాని పక్కనే కొత్త బోరు వేయిస్తే దుమ్ము తప్ప తేమ రాలేదు. ఆ సాయంత్రం మోటారు దిగకపోతే చెట్లు దక్కవు. కొత్త బోరు ఎగజిమ్మిన రాతిపొడి పరుచుకుని నేల అక్కడే చదునుగా ఉంటే, ఆదెన్న కంబాన్ని అక్కడే నిలబెట్టి, కాళ్ల నిండా నీళ్లు పోసి, టేపు కోసం షెడ్డులోకి పోయాడు. గమ్ము లేని అతుకులు కారడం మొదలుపెట్టాయి.

మేత మోపుతో పోతున్న ఓబమ్మ చూసింది. ఎండు బోరు దగ్గర నిలబడ్డ పైపు, దాని అడుగున తడి.

"కదిరప్పో! నీ కొత్త బోర్లో నీళ్లు ఊరినాయప్పో!"

ఊరు కదిలింది. నేను కూడా టెంకాయ పట్టుకుని పరుగెత్తాను. ఎవరో పైపుకు పసుపు పూశారు. పైన హెడ్‌లైటు ఉందే, కింద నాలుగు కాళ్లున్నాయే అని ఒక్కరికీ తోచలేదు. దప్పికగొన్న ఊరు తలెత్తి చూస్తుందా? నేను టెంకాయ కొట్టాను. కదిరప్ప అతుకు కింద దోసిలి పట్టి ఒక గుక్క తాగాడు.

"ఎంత తియ్యగా ఉండాయప్పా!"

ఆదెన్న షెడ్డులోంచి బయటికొచ్చాడు. చెబుదామని నోరు తెరిచాడు. కదిరప్ప కళ్లు చూసి మళ్లీ నోరు మూసుకున్నాడు. అంతలో బిందెలు వెతుక్కుంటూ తిమ్మక్క వచ్చింది. అవి సైకిల్‌కు ఖాళీగా వేలాడుతున్నాయి.

"తియ్యగా ఉండవా మరి? ట్యాంకరు కాడ బయమ్మతో జుట్లు పట్టుకుని తెచ్చిన నీళ్లు!"

కదిరప్ప ఆ తడిలోనే కూర్చున్నాడు.

"ఒక్క గడియ ఆగి వచ్చింటే నీ సొమ్మేం పోతాండె తిమ్మక్కా? ఇంతసేపూ నా బోరు పడినట్లే ఉన్నింది."

తిమ్మక్క ఆకులు ముడుచుకున్న చెట్ల వైపు చూసింది. మొగుడి మీదికి తిరిగింది.

"పెన్నలో నీళ్లు లేకపోయినా కావలసినంత ఇసక ఉండాది కదయ్యా! నీళ్లు పోసుకునేదానికి నీకు చెయ్యెట్లా వచ్చె?"

ముందు నవ్వింది కదిరప్పే. నీళ్లు కారిపోయిన కంబం గాలికి ఊగి, పసుపుతో సహా పడిపోయింది. పొద్దు దిగిపోతోంది. తిమ్మక్క హెడ్‌లైటు ఊడదీసి చేతిలో పట్టుకుని మోటారు దగ్గర నిలబడింది.

"నిన్నింక తిమ్మక్క అనొద్దంటివే?" అని గుర్తుచేశాను.

"అనొద్దులే. నీ టెంకాయ చిప్పలు తీసుకుని పక్కకు జరుగన్నా, నీడ పడతాది."

ట్యాంకరు కాడి కొట్లాట మొదటి నుంచీ అందుకుంది. వెలుగు బయమ్మ ఇంటి దిక్కుకు తిరిగింది. ఆదెన్న వైరు పట్టుకుని తనే ఆ దిక్కుకు జరిగాడు.

మోటారు దిగింది. కరెంటు వచ్చింది. పాత బోరు దగ్గి, బురద కక్కి, సన్నగా నీళ్లు పోసింది. కదిరప్ప చెట్ల వైపు పరుగెత్తబోతే తిమ్మక్క అడ్డం నిలబడింది.

"ముందు నా రెండు బిందెలు."

"రెండేంది, నాలుగు పట్టుకో."

"రెండే. లైటు పట్టినందుకు కూలి ఈయప్ప దగ్గర తీసుకుంటా."

"ఏం కూలి?" అన్నాడు ఆదెన్న భయపడుతూ.

"ఇన్నాళ్లవీ చెప్పాల్సినవి ఉండాయి. ఇంటిదాంక ఊ కొట్టుకుంటా రావల్ల."

ఆదెన్న నిండు బిందె భుజానికెత్తుకున్నాడు.

"ఊ," అన్నాడు.