నా కోసం వేసిన ఆలివ్ పచ్చ

"మీ మామ పోయినాడంటమ్మా. లే, బండికి టైమయితాండాది" అని మా అన్న చెప్పినప్పుడు నేను హిందూపురంలో పుట్టింట్లో ఉన్నాను. ధర్మవరం దాకా ఏడుస్తూనే వెళ్లాను. మధ్యలో పెనుకొండ స్టేషన్ వచ్చినప్పుడు మాత్రం కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. ఎందుకో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మామ, అంటే నా భర్త తండ్రి, ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారు. ఇంట్లో ఉన్నది ఒకటే పెద్ద గది. మగ్గం అందులోనే, మా తిండీ నిద్రా అందులోనే. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి అన్నాను, మా నాయన పనిచేసే షావుకారి ఇంట్లో గోడలకు ఆలివ్ పచ్చ రంగు వేశారనీ, లోపలికి అడుగుపెడితే కళ్లు చల్లబడతాయనీ. మాటవరసకు అన్నదే. ఆయన మగ్గం మీంచి తలైనా ఎత్తలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది పురుటికి వెళ్లి, బిడ్డతో తిరిగొచ్చేసరికి గది నాలుగు గోడలూ ఆలివ్ పచ్చ! మిలిటరీ వాళ్లు వదిలించుకున్న డబ్బాలు ఎక్కడో సంపాదించి మామే పూశారు. మోచేతుల మీద మరకలింకా పోలేదు.

"బాగుండాదా తల్లీ? మీ షావుకారి ఇల్లు మాదిరి ఉండాదా?" అని అడిగారు. వీధివీధంతా చూడ్డానికొచ్చింది. నా కాళ్లు భూమ్మీద ఆనలేదు.

నేతగాళ్లు గోడలకు తెల్ల సున్నమే ఎందుకు కొడతారో మాలో ఒక్కరికీ తట్టలేదు. పెనుకొండలో ఒకళ్లు నేయమన్న పెళ్లిచీరకు కొంగు దగ్గర ఎర్ర పట్టు చాలక, మామ వేరే లడి పట్టుదారం కలిపారు. ఆయన నన్ను హిందూపురంలో దిగబెట్టడానికి వస్తుంటే, దారిలో ఆ చీర ఇవ్వడానికి పెనుకొండలో దిగాం. వాళ్ల వాకిట్లో ఎండలో చీర విప్పారు. కొంగులో సగం కుంకుమ ఎరుపు, సగం ఇటుక ఎరుపు. మా పచ్చ గోడల మధ్య ఆ రెండూ ఒకటే ఎరుపుగా కనబడ్డాయి.

"కండ్లు కనపడవా ఏమప్పా? పెండ్లికూతురికి దీన్ని కట్టేదెట్ల?" అన్నాడు పిల్ల తండ్రి, చుట్టాలందరి ముందూ.

"తప్పు నాదేనప్పా" అన్నారు మామ. గోడ ఊసెత్తలేదు. బిడ్డనెత్తుకుని పక్కనే ఉన్న నా వైపు చూడనైనా లేదు. నేల నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఆ ఊరి నుంచి మళ్లీ ఎవరూ మాకు చీర చెప్పలేదు.

"సున్నం కొట్టిద్దాం మామా" అన్నాను రైల్లో.

"నూనె రంగు మింద సున్నం నిలబడదులే తల్లీ. ముచ్చటపడి అడిగినావు. గోడ ఆడనే ఉండనీ, నేనే వాకిట్లోకి పోతా."

అన్నట్టే చేశారు. ఏ రెండు పోగులు కలపాలన్నా మగ్గం గుంతలోంచి మోకాళ్లు పట్టుకుని లేచి, లడులు తీసుకుని వాకిట్లోకి వెళ్లి ఎండకు పట్టి చూసేవారు.

"ఏమప్పా, పట్టుకు సూర్యుణ్ణి సూపిస్తాండావా?" అని ఎదురింటాయన నవ్వేవాడు.

"ఊరికే, కాళ్లు సాగుతాయని వచ్చినానబ్బా" అనేవారు మామ. ఆ నవ్వు వినబడినప్పుడల్లా నేను పొయ్యి ముందు తల దించుకునేదాన్ని. నా సొంత తండ్రి కూడా నా మాటవరస మాటకు అంత విలువ ఇచ్చి ఉండడు.

నేను ఇల్లు చేరేసరికి ఆయన్ను మగ్గం పక్కనే పడుకోబెట్టారు. కప్పిన కొత్త పంచె లేత పచ్చగా కనిపించింది. తెల్లది దొరకలేదా అని అత్తను అడగబోయి, గోడల వైపు చూసి ఆగిపోయాను.

కాసేపటికి నలుగురూ ఎత్తారు. ఎదురింటాయన ముందు పట్టాడు. గడప దాటి వాకిట్లోకి తీసుకుపోగానే, ఎండలో, ఆ పంచె తెల్లగా కనబడింది. నేను పచ్చ గోడకు ఆనుకుని గదిలోనే ఉండిపోయాను.